సెంట్రింగ్ లేకుండా గుమ్మటం: ఫ్లోరెన్స్‌లో నిజంగా ఏం జరిగింది?

మేస్త్రిగారబ్బాయి

అందరికీ నమస్కారం. ఉద్యోగం పని మీద ఇటలీ వెళ్ళినప్పుడు ఫ్లోరెన్స్‌లో రెండు రోజులు ఉండే అవకాశం దొరికింది. అక్కడి ప్రధాన చర్చి, శాంతా మరియా దెల్ ఫియోరే గుమ్మటం పైదాకా 463 మెట్లు ఎక్కాను. లిఫ్టు లేదు. లోపలి గుమ్మటానికీ బయటి గుమ్మటానికీ మధ్య ఉన్న ఇరుకు సందులో, ఒక చెయ్యి ఈ గోడకీ ఇంకో చెయ్యి ఆ గోడకీ ఆనించుకుంటూ ఎక్కాలి. పైకి పోయిన కొద్దీ గోడ నెత్తిమీదికి వాలుతూ వస్తుంది, మనమూ దానితోపాటు ఒంగి నడుస్తాం.

ఇంత పెద్ద గుమ్మటాన్ని కింద సెంట్రింగ్ (కట్టేటప్పుడు మోసే తాత్కాలిక చెక్క చట్రం) లేకుండానే కట్టారనీ, ఆ రహస్యాన్ని దాన్ని కట్టించిన ఫిలిప్పో బ్రూనెల్లెస్కీ తనతోనే తీసుకుపోయాడనీ, ఈ రోజుకీ ఎవరికీ తెలియదనీ మా గైడు చెప్పింది. మా నాన్నగారు గోదావరి జిల్లాలో నలభై ఏళ్ళు తాపీ పని చేశారు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ ఇటుకలు అందించినవాణ్ణే. వందల మంది కూలీలు పదహారేళ్ళు పట్టపగలు చేసిన పని రహస్యం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. పునాది నుంచి పైదాకా ఇటుక కళ్ళముందే ఉంది కదా.

కట్టడాల గురించి తెలిసినవారు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను. సెంట్రింగ్ ఎందుకు వద్దనుకున్నారు? అది లేకుండా తడి సున్నం మీద ఇటుక జారిపోకుండా ఎలా నిలిచింది? వీటిలో ఎంతవరకు ఖాయంగా తెలుసు, ఎంతవరకు ఊహ?

ఆర్నో ఒడ్డు

మేస్త్రిగారబ్బాయి గారూ, నేను ఈ ఊళ్ళోనే పాత కట్టడాల మరమ్మతుల మీద చదువుకుంటున్నాను. రోజూ ఆ గుమ్మటం నీడలోంచే కాలేజీకి నడుస్తాను. గైడు చెప్పినదానిలో సగం నిజం ఉంది. బ్రూనెల్లెస్కీ తన లెక్కలనూ గీతలనూ వివరంగా రాసిపెట్టలేదు. కానీ పని నడిపిన సంస్థ, అంటే చర్చి నిర్మాణ వ్యవహారాలు చూసే ఒపేరా అనే కార్యాలయం, జమాఖర్చులూ తీర్మానాలూ జీతాల పద్దులూ చాలావరకు భద్రపరిచింది. కాబట్టి మనకు తెలియనిది ఆయన మనసులోని లెక్క. ఏ సంవత్సరం ఏం కొన్నారో, ఎవరికి ఎంత ఇచ్చారో చాలామటుకు తెలుసు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు గుమ్మటం కంటే యాభై ఏళ్ళ వెనక మొదలవుతుంది. చర్చికి 1296లో ఆర్నోల్ఫో ది కాంబియో శంకుస్థాపన నాటికి ఇంత పెద్ద గుమ్మటం అనుకున్నదే కాదు. తర్వాత కొలతలు పెంచుతూ పోయారు. 1367లో నేరి ది ఫియోరవాంతి బృందం చేసిన నమూనాను ఊరంతా ఒప్పుకుంది. గుమ్మటం ఎనిమిది పలకలది. ఎదురెదురు గోడల మధ్య దూరం 72 బ్రాచ్చాలు, అంటే సుమారు 42 మీటర్లు. బయటి నుంచి ఆసరా గోడలేవీ కనబడకూడదు. పదవిలోకి వచ్చే పెద్దలు ఏటా ఆ నమూనాకు కట్టుబడి ఉంటామని ప్రమాణం చేసేవారు. ఎలా కట్టాలో మాత్రం ఎవరికీ తెలియదు. ముందు మాట ఇచ్చేసి, దారి తర్వాత వెతుక్కున్నారన్నమాట.

1410ల నాటికి గుమ్మటం కూర్చోవలసిన ఎనిమిది పలకల పీఠం నేలకు 50 మీటర్ల పైన సిద్ధమైంది, దాని మీద ఆకాశమే కప్పు. అంత ఎత్తున, అంత వెడల్పున సెంట్రింగ్ వెయ్యడానికి కలప దొరకడమే కష్టం. దొరికినా ఆ కలప చట్రం తన బరువుకే వంగిపోయేది. 1418 ఆగస్టులో పోటీ ప్రకటించి, గెలిచిన నమూనాకు 200 బంగారు ఫ్లోరిన్లు ఇస్తామన్నారు. సెంట్రింగ్ అక్కర్లేదని ధీమాగా చెప్పినవాడు బ్రూనెల్లెస్కీ. చర్చి దగ్గరే ఇటుకలతో చిన్న గుమ్మటం కట్టి చూపించాడు, శిల్పి దొనాతెల్లో అందులో సాయం చేశాడు.

వరసమట్టం

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. రెండో ప్రశ్న నా దారిలోది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓర్చుకోండి.

మన ఊళ్ళలో పాత ఇటుక బావిని గుర్తు చేసుకోండి. చుట్టూ ఉన్న మట్టి లోపలికి తోస్తుంటే గుండ్రటి వరసలోని ప్రతి ఇటుకా పక్క ఇటుకల మధ్య బిగుసుకుంటుంది. వరస పూర్తయ్యాక ఒక ఇటుకను లోపలికి లాగుదామన్నా రాదు. గుండ్రటి గుమ్మటం కూడా ఇలాంటిదే. వరస లోపలికి వాలి ఉంటుంది, ఇటుకలు లోపలికి పడాలని చూస్తాయి, కానీ చుట్టు మూసుకోగానే ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోతాయి. అందుకే గుండ్రటి గుమ్మటాన్ని సెంట్రింగ్ లేకుండా కట్టడం బ్రూనెల్లెస్కీ కంటే ఎంతో ముందు నుంచీ ఉన్న పనే. అసలు సమస్య ఒక్క వరస పూర్తయ్యేలోపు ఇటుకను నిలపడం. చిన్న గుమ్మటంలో వరస పూటలో అయిపోతుంది. 42 మీటర్ల వెడల్పులో వరస చుట్టి రావడానికి చాలా రోజులు పడుతుంది.

ఫ్లోరెన్స్‌లో దీనికి తోడు రెండో చిక్కు ఉంది. అది గుండ్రం కాదు, ఎనిమిది పలకలు. బల్లపరుపు పలకలో ఇటుకలు ఒకదాన్నొకటి బిగించుకోవు, మూల దగ్గర చుట్టు తెగిపోతుంది. దీనికి పరిశోధకుల్లో చాలామంది ఒప్పుకునే జవాబు గోడ మందంలో ఉంది. లోపలి గుమ్మటం అడుగున రెండు మీటర్లకు పైగా మందం. ఎనిమిది పలకల గోడలో అంత మందం ఉంటే, ఎక్కడా తెగని ఒక గుండ్రటి చుట్టు ఆ మందంలోనే ఇమిడిపోతుంది. చూసేవాడికి ఎనిమిది మూలలు కనిపిస్తాయి, బరువుకు మాత్రం గుండ్రమే కనిపిస్తుంది. ఇటుక వరసలు కూడా సరళరేఖల్లా పోవు. రెండు మూలల మధ్య వదులుగా కట్టిన దండెంలా నడుమ కిందికి వంగి ఉంటాయి. మీరు ఎక్కిన సందులో సున్నం పూత లేని చోట ఇది కంటికి తెలుస్తుంది.

ఇక జారడం సంగతి. వాలు తక్కువగా ఉన్నంతవరకు ఇటుకకూ సున్నానికీ మధ్య రాపిడే ఇటుకను ఆపుతుంది. వాలు పెరిగాక చాలదు. అక్కడ నిలువు ఇటుకలు వచ్చాయి. ఆ గోడను మీరు దగ్గర నుంచి చూశారు కనుక ఏం కనిపించిందో మీరే చెప్తే బాగుంటుంది.

మేస్త్రిగారబ్బాయి

చూశాను, ఫోటోలు కూడా తీశాను. పడుకోబెట్టిన ఇటుకలు కొన్ని వరసగా వస్తాయి, తర్వాత ఒక ఇటుక నిట్టనిలువుగా నిలబడి పై వరసలోకి కూడా చొచ్చుకుని ఉంటుంది, మళ్ళీ పడుకున్న ఇటుకలు, మళ్ళీ నిలువు ఇటుక. పై వరసలో ఆ నిలువు ఇటుక ఒక ఇటుక వెడల్పు పక్కకు జరుగుతుంది. ఇలా జరుగుతూ జరుగుతూ నిలువు ఇటుకలన్నీ కలిసి గోడ మీద ఏటవాలు గీతలా పైకి పాకుతాయి. మేం నిలబడ్డ చోట ఒక నిలువు ఇటుక అంచు ముక్క విరిగి ఉంది. ఆ గాడిలో వేలు పెడితే సున్నం రాయిలా గట్టిగా తగిలింది. ఎవరో చెయ్యొద్దన్నారు, తీసేశాను.

వరసమట్టం

సరిగ్గా అదే. ఇటాలియన్‌లో దాన్ని స్పీనాపేశే అంటారు, చేపముల్లు అని అర్థం. నిలువు ఇటుక కింది సగం ఇదివరకే గట్టిపడిన వరసలో పాతుకుని ఉంటుంది. పై సగం కొత్త వరసలో అడ్డుకట్టలా నిలుస్తుంది. రెండు నిలువు ఇటుకల మధ్య నాలుగైదు ఇటుకలే ఉంటాయి కాబట్టి, అవి రెండు చివరలా పట్టు దొరికిన చిన్న కమానులా ఆగుతాయి. ఇంతకుముందు చుట్టంతా మూసుకునేదాకా ఆగాల్సిన పని, ఇప్పుడు నాలుగు ఇటుకలు పెట్టగానే అయిపోతుంది. మేస్త్రి రాత్రికి పని ఆపి వెళ్ళిపోయినా ఇటుక ఎక్కడిదక్కడే ఉంటుంది.

పాతబస్తీ పథికుడు

చేపముల్లు కట్టుబడి, రెండు పొరల గుమ్మటం, రెండూ ఇరాన్‌లో ముందే ఉన్నాయి కదా. సుల్తానియాలో ఓల్జాయితూ సమాధి 14వ శతాబ్దం తొలి ఏళ్ళలోదే. ఎనిమిది పలకల కట్టడం మీద ఇటుక గుమ్మటం, అందులోనూ రెండు పొరలు. ఇటలీ వ్యాపారులు ఆ దారుల్లో తిరిగినవాళ్ళే. మన దక్కన్‌లో బీజాపూర్ గోల్ గుంబజ్ దాకా ఆ సంప్రదాయం వచ్చింది. బ్రూనెల్లెస్కీ ఒంటరిగా కనిపెట్టాడనడం యూరప్ వాళ్ళ గొప్పలు చెప్పుకోవడం కాదా?

ఆర్నో ఒడ్డు

పథికుడు గారూ, సుల్తానియా పోలికను ఇటలీ పరిశోధకులే కొందరు చాలాకాలం కిందట ఎత్తి చూపారు, కాబట్టి దాన్ని దాచిపెట్టారనడం న్యాయం కాదు. పోలిక ఉండడం ఒకటి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందని చూపగలగడం ఇంకొకటి. బ్రూనెల్లెస్కీ తూర్పు దేశాలకు వెళ్ళినట్టు గానీ, అక్కడి మేస్త్రి ఎవరైనా ఇక్కడ పని చేసినట్టు గానీ చూపే పత్రం లేదు. పైగా చర్చికి ఎదురుగా ఉన్న బాప్టిస్టరీ (జ్ఞానస్నాన మందిరం) ఎనిమిది పలకల కట్టడమే. దాని కప్పు కూడా కోసుగా పైకి లేచిన ఎనిమిది పలకలదే. ఆయన పుట్టి పెరిగినది ఆ కప్పు కిందే. నేనైతే ముందు ఎదురింటి వైపు చూస్తాను, ఆ తర్వాతే ఇరాన్ వైపు.

ఇంకో సంగతి. కొన్నేళ్ళ కిందట చర్చి మ్యూజియాన్ని విస్తరించేందుకు తవ్వుతుంటే చేపముల్లు కట్టుబడితో చిన్న గుమ్మటం మొదలు ఒకటి బయటపడింది. అది ఆయన పనివాళ్ళు సాధన కోసం కట్టినదేనని తవ్వినవారి అభిప్రాయం. నిజమైతే, రహస్యం అనుకున్నది బహిరంగంగా, నేల మీద నేర్పిన పని అన్నమాట.

తూర్పు కిటికీ

నేను చరిత్ర చెప్పే ఉపాధ్యాయురాలిని. బయటి ఆసరా వద్దన్న మాట దగ్గర అందరూ తొందరగా దాటిపోయారు, నా దృష్టిలో అసలు సంగతి అదే.

అప్పటికి ఉత్తర ఫ్రాన్స్‌లో గోథిక్ చర్చిలు రెండున్నర శతాబ్దాలుగా లేస్తున్నాయి. 1140ల్లో సుజేర్ మఠాధిపతి సెయింట్ డెనీలో తూర్పు భాగాన్ని తిరిగి కట్టించినప్పటి నుంచి ఆ మేస్త్రీల ధ్యాసంతా గోడను పలచన చేసి రంగుటద్దాల కిటికీలకు చోటు ఇవ్వడం మీదే. రాతి కప్పు గోడలను బయటికి తోస్తుంది. ఆ తోపును బయట నిలబెట్టిన స్తంభాల మీదికి గాలిలోంచి చేతులు చాచినట్టున్న కమానుల ద్వారా పంపేవారు. ఫ్లయింగ్ బట్రెస్ అనేది అదే. షార్త్ర్‌లో 1194 అగ్నిప్రమాదం తర్వాత కట్టిన చర్చిని బయటి నుంచి చూస్తే కట్టడం ఎలా నిలబడిందో తానే చెప్పేస్తుంది, దాపరికం లేదు.

దానికి హద్దు కూడా వాళ్ళే చూశారు. బోవేలో లోపలి కప్పును 48 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయారు. 1284లో ఆ కప్పులో కొంత కూలిపోయింది. స్తంభాలు అదనంగా వేసి తిరిగి కట్టారు. 16వ శతాబ్దంలో దాని నడిబొడ్డున 150 మీటర్లు దాటే శిఖరం లేపితే, అది పూర్తయిన నాలుగేళ్ళకే 1573లో పడిపోయింది. ఈ రోజుకీ ఆ చర్చికి ముందు భాగం లేదు, సగం చర్చిగానే మిగిలింది.

ఫ్లోరెన్స్ వాళ్ళు ఇదంతా తెలియక బట్రెస్ వద్దనలేదు. అక్కడి రుచి వేరు. రోమన్ల గట్టి గోడ, రంగు పాలరాతి పలకలు, శుభ్రమైన అంచు వాళ్ళ కంటికి అందం. కట్టడం ఆసరా కర్రల మీద నిలబడ్డ ముసలివాడిలా కనిపించకూడదనుకున్నారు. 1367 ప్రమాణాన్ని ఇంజనీరింగ్ తీర్మానంగా కాక అందం గురించిన తీర్మానంగా చదవాలి. ఇంజనీరింగ్ కష్టం దాని వెనక వచ్చింది.

వరసమట్టం

తూర్పు కిటికీ గారూ, రుచి మాట ఒప్పుకుంటాను కానీ ముసలివాడి పోలిక షార్త్ర్‌కు అన్యాయం. బట్రెస్ ఊతకర్ర కాదు, ఎముక. ఫ్లోరెన్స్‌లోనూ ఎముకలున్నాయి, చర్మం కింద దాచారు. గుమ్మటం రెండు పొరల మధ్య ఎనిమిది మూలల్లో ఎనిమిది పెద్ద పక్కటెముకలు, పలకకు రెండేసి చొప్పున పదహారు చిన్నవి. బయటికి తెల్లటి పాలరాతి గీతలుగా కనిపించేవి ఎనిమిదే. బయటికి తోసే బలాన్ని ఆపడానికి నాలుగు ఎత్తుల్లో ఇసుకరాతి దూలాలను ఇనుప కొక్కేలతో కలిపి గొలుసుల్లా చుట్టారు. ఇవి కాక చెస్ట్‌నట్ కలపతో మరో గొలుసు ఉంది. పీపాకు పట్టీలు బిగించినట్టు.

తూర్పు కిటికీ

ఎముక అన్న మాట అంగీకరిస్తాను. అయినా చర్మం కప్పుకున్న ఎముకా, బయటికి కనిపించే ఎముకా చూసేవాడికి ఒకటే కాదు కదా. మీరు లోడు చూస్తున్నారు, నేను వీధిలో నిలబడ్డ మనిషిని చూస్తున్నాను.

గచ్చు సున్నం

ఒక చిన్న ప్రశ్న. శిల్పి గిబెర్తీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆయన కూడా గుమ్మటానికి అధికారే కదా. ఇంకొకటి, ఎవరు గుడ్డును బల్ల మీద నిలబెడితే వారికే పని అని బ్రూనెల్లెస్కీ సవాలు విసిరి, అడుగు చితక్కొట్టి నిలబెట్టాడన్న కథ నిజమేనా?

ఆర్నో ఒడ్డు

గుడ్డు కథ వసారీ 1550లో అచ్చు వేసిన కళాకారుల చరిత్రలో ఉంది. అది అప్పటికి నూటముప్పై ఏళ్ళ పాత మాట, కొలంబస్ మీద కూడా ఇదే కథ చెప్తారు. కథగానే ఉంచుకుందాం.

గిబెర్తీ మాట మీరన్నది నిజమే. 1401లో బాప్టిస్టరీ కంచు తలుపుల పోటీలో ఆయన గెలిచాడు, బ్రూనెల్లెస్కీకి ఆ పని రాలేదు. ఇద్దరూ పోటీకి చేసిన పలకలు ఇవాళ బార్జెల్లో మ్యూజియంలో పక్కపక్కనే ఉన్నాయి. 1420లో గుమ్మటం పనికి ఇద్దరినీ సమాన హోదాతో, సంవత్సరానికి చెరి 36 ఫ్లోరిన్ల జీతంతో పెట్టారు. 1426లో బ్రూనెల్లెస్కీ జీతం 100 ఫ్లోరిన్లయింది, గిబెర్తీ జీతం పెరగలేదు. అసలు పని ఎవరిదో ఆ పద్దే చెప్తుంది. గిబెర్తీకి ఏమీ తెలియదన్నట్టు తర్వాతి జీవితచరిత్రలు రాసినది మాత్రం ఏకపక్షం.

బ్రూనెల్లెస్కీ తలపెట్టినవన్నీ ఫలించాయనుకోవద్దు. ఆర్నో నదిలో పాలరాయి తేవడానికి ఒక పెద్ద పడవ కల్పించి, దాన్ని మరెవరూ అనుకరించకూడదని 1421లో నగరం నుంచి మూడేళ్ళ హక్కు పొందాడు. మనకు తెలిసిన తొలి పేటెంట్లలో అది ఒకటి. ఆ పడవ పాలరాయితో సహా మునిగింది. 1434లో, గుమ్మటం పూర్తవబోతుండగా, రాతిపనివారి సంఘానికి చందా కట్టలేదని ఆయన్ని కొన్నాళ్ళు జైల్లో పెట్టారు. కంసాలి పనీ గడియారాల పనీ నేర్చి వచ్చినవాణ్ణి ఆ సంఘం తమవాడిగా చూడలేదేమో.

ఆయన నిజంగా అద్భుతం చేసినది పైకెత్తే యంత్రం. ఎద్దులు ఒకే దిక్కున తిరుగుతుంటాయి. వాటి కాడి విప్పి వెనక్కి తిప్పే పని లేకుండా, నిలువు ఇరుసును ఒక మరతో పైకో కిందికో జరిపితే వేరే పళ్ళచక్రం తగులుకుని బరువు ఎక్కడం బదులు దిగుతుంది. రాయి, ఇటుక, సున్నం అన్నీ దాని మీదే పైకి పోయాయి. ఇటుకలే నలభై లక్షలుంటాయని అంచనా.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతున్నది. జైలు విషయం మీద ఇప్పటి కార్మిక సంఘాల గురించి వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాం. విషయం దాటకుండా రాయవలసిందిగా మనవి.

అడ్డగీత

ఇంత పటిష్ఠంగా కట్టిన గుమ్మటానికి పగుళ్ళు ఎందుకున్నాయి? పెద్ద పగుళ్ళు ఉన్నాయనీ, పరికరాలు పెట్టి కొలుస్తున్నారనీ చదివాను. గొలుసులు పనిచెయ్యలేదా?

వరసమట్టం

మంచి ప్రశ్న. ఆ గొలుసులు ఎంత బరువు మోస్తున్నాయన్న దాని మీద ఇంజనీర్లలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. బయటికి తోసే బలం మొత్తాన్ని ఆపేంత శక్తి వాటికి లేదని నా అభిప్రాయం. పగుళ్ళు కింది నుంచి పైకి పోతాయి, చలికాలం ఎండాకాలం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. పగిలిన గుమ్మటం పడిపోదా అంటే, పడదు. నిలువునా చీలిన గుమ్మటం పైన ఒకదానికొకటి ఒరిగి నిలబడ్డ కమానుల గుంపులా పనిచేస్తుంది. 17వ శతాబ్దం చివర ఇనుప గొలుసులు బిగించాలని నిపుణుల సంఘం సలహా ఇచ్చింది. వాదోపవాదాలు జరిగి అది ఆగిపోయింది. గుమ్మటం అలాగే ఉంది.

రోమ్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. సెయింట్ పీటర్ చర్చి గుమ్మటానికి మైకెలాంజెలో రూపం ఇచ్చాడు. 1564లో ఆయన పోయేనాటికి పీఠమే లేచింది. జాకొమో దెల్లా పోర్తా, దొమెనికో ఫొంతానా కలిసి 1588లో మొదలుపెట్టి 1590లో ముగించారు. ఫ్లోరెన్స్‌లో పదహారేళ్ళు పట్టిన పని ఇక్కడ రెండేళ్ళలోపే అయింది. ఆ తొందరకు మూల్యం 18వ శతాబ్దంలో పగుళ్ళుగా కట్టారని కొందరంటారు, నేను అంత ఖండితంగా అనను. ఎంత మెల్లగా కట్టినా రాతి గుమ్మటం అడుగున కొంత విచ్చుకోక తప్పదు.

పోపు పధ్నాలుగో బెనెడిక్ట్ 1742లో ముగ్గురు గణితవేత్తలను అడిగాడు. గుమ్మటం చుట్టూ ఇంకా ఇనుప పట్టీలు కావాలని వాళ్ళు లెక్క కట్టి చెప్పారు. గణితం తెలియకుండానే కట్టినదాన్ని గణితంతో బాగుచేస్తారా అని రోమ్‌లో వెక్కిరించిన వాళ్ళూ ఉన్నారు. తర్వాత పాదువా ఆచార్యుడు జొవాన్ని పొలేనీ ఒక గొలుసు తీసుకుని, గుమ్మటంలో ఏ భాగం ఎంత బరువో ఆ నిష్పత్తిలో తూకాలు కట్టి వేలాడదీశాడు. వేలాడే గొలుసులో లాగుడు తప్ప నొక్కుడు ఉండదు. దాన్ని తలకిందులు చేస్తే నొక్కుడు తప్ప లాగుడు లేని కమాను వస్తుంది. ఆ గీత గుమ్మటం గోడ మందంలోనే ఇమిడింది కాబట్టి ఇప్పటికిప్పుడు కూలే ప్రమాదం లేదని తేల్చాడు. అయినా పట్టీలు బిగించడమే మంచిదన్నాడు. 1743, 1744ల్లో వాన్వితెల్లి చేత బిగించారు.

గచ్చు సున్నం

మీరు రాసినది చదివి ఇంట్లో ప్రయత్నించాను. మా అమ్మాయి మెడలోని సన్న గొలుసుకు తొమ్మిది చోట్ల దారంతో చింతగింజలు కట్టి, కిటికీ చువ్వలకు రెండు కొసలూ తగిలించి, ఫోన్లో ఫోటో తీసి తలకిందులు చేశాను. నడుమ గింజలు తక్కువ కట్టి పక్కల ఎక్కువ కడితే కమాను పైన చదునవుతుంది, పక్కల వాలు పెరుగుతుంది. నడుమ బరువైన గింజ ఒకటి కలిపితే కోసుగా లేస్తుంది. మరి ఫ్లోరెన్స్ గుమ్మటం మొనతేలి ఉండడానికీ, దాని కొనమీద ఉన్న పాలరాతి లాంతరు (కిటికీలున్న చిన్న మండపం) బరువుకూ ఇలాంటి సంబంధమే ఉందా?

వరసమట్టం

ఉంది, మీ చింతగింజలు సరిగ్గానే చెప్పాయి. కొనమీద బరువు పెడితే మొనతేలిన రూపం దాన్ని హాయిగా మోస్తుంది. పైగా మొనతేలిన గుమ్మటం అర్ధగోళం కంటే తక్కువగా బయటికి తోస్తుంది. గుమ్మటం 1436లో మూసుకుంది. లాంతరు పని 1446లో మొదలైన కొద్ది రోజులకే బ్రూనెల్లెస్కీ కన్నుమూశాడు. పైన రాగి గోళం 1471లో వెరొక్కియో చేతుల మీదుగా ఎక్కింది. అప్పుడు ఆ పనిశాలలో ఉన్న కుర్రవాళ్ళలో లియొనార్దో ఒకడు.

పాతబస్తీ పథికుడు

గుమ్మటం కట్టకుండానే కట్టినట్టు చూపినవాడు కూడా ఒకడున్నాడు, అది కూడా చెప్పుకోవాలి. రోమ్‌లో సాంత్ ఇన్యాత్సియో చర్చిలో గుమ్మటం రావలసిన చోట గుమ్మటం లేదు. 1685లో ఆంద్రేయా పొత్సో అనే జెస్యూట్ సోదరుడు అక్కడ కాన్వాసు మీద గుమ్మటం బొమ్మ గీసి పైన బిగించాడు. నేల మీద ఒక పలక గుర్తుగా పెట్టారు. దాని మీద నిలబడి తలెత్తితే స్తంభాలూ కిటికీలూ లాంతరూ అన్నీ నిజంలా పైకి లేస్తాయి. నేను ఆ గుర్తు నుంచి నాలుగడుగులు పక్కకు వేసి మళ్ళీ చూశాను. గుమ్మటం మొత్తం ఒక పక్కకు ఒరిగి, కూలుతున్నట్టు కనిపించింది. పక్కనున్న ఒకావిడ గబుక్కున తల వంచింది.

తూర్పు కిటికీ

బరోక్ అనే 17వ శతాబ్దపు ఆడంబర శైలిలో నాకు చాలా ఇష్టమైన చోటు అదే. బ్రూనెల్లెస్కీ చూసే కంటికి లెక్క నేర్పినవాడు, దృక్కోణ చిత్రలేఖనం ఆయన ప్రయోగాలతోనే ఫ్లోరెన్స్‌లో స్థిరపడింది. రెండున్నర శతాబ్దాల తర్వాత పొత్సో ఆ లెక్కతోనే ఇటుక ఖర్చు లేకుండా గుమ్మటం లేపాడు. రోమ్‌లోనే పనిచేసిన వాస్తుశిల్పి బొరొమీని మాత్రం ఆ దారిన పోలేదు. రాతిపనివాళ్ళ కుటుంబం నుంచి వచ్చినవాడు కాబట్టేమో, సాన్ కార్లో చర్చిలో కోడిగుడ్డు ఆకారపు గుమ్మటాన్ని నిజంగానే కట్టాడు. శిలువలూ షట్కోణాలూ అష్టకోణాలూ పైకి పోయిన కొద్దీ చిన్నవవుతూ, ఉన్న ఎత్తు కంటే ఎక్కువ ఎత్తు ఉన్నట్టు చూపిస్తాయి. ఆయనా కంటిని మోసం చేశాడు, కానీ రాతితో.

మేస్త్రిగారబ్బాయి

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు చేపముల్లు ఫోటోలు నాన్నగారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ దూరంగా పట్టుకుని చాలాసేపు చూశారు. రహస్యం సంగతి చెప్తే నవ్వారు. చిన్నప్పుడు తాతగారితో మద్రాసు టెర్రస్ మిద్దెలు వేశారట. టేకు దూలాల మీద పలచని ఇటుకలను అంచుల మీద నిలబెట్టి, ఐమూలగా పేర్చుకుంటూ పోయేవారట. కింద చెక్క ఉండదు. గానుగ సున్నం ఇటుక చెంపకు పూసి పక్క ఇటుకకు ఒత్తి, లోపలి గాలి పోయేదాకా రెండు లెక్కలు పట్టుకుని వదిలేస్తే అదే నిలబడేదట. వీళ్ళ నిలువు ఇటుక కూడా అందుకేనా అని నేనడిగితే, అంత ఏటవాలు మీద సున్నాన్ని ఒక్కదాన్నీ నమ్మలేక అడ్డం పెట్టారు, బుద్ధిమంతులు, అన్నారు.

తర్వాత ఒక ప్రశ్న అడిగారు, నాకు జవాబు తెలియలేదు. రోజుకు ఎన్ని వరసలు వేసేవాళ్ళు అని.

ఆర్నో ఒడ్డు

రోజు లెక్క చెప్పలేను కానీ ఏడాది లెక్క చెప్పగలను. 1420 ఆగస్టు నుంచి 1436 ఆగస్టు దాకా పదహారేళ్ళు, లేచిన ఎత్తు సుమారు 33 మీటర్లు. సగటున ఏడాదికి రెండు మీటర్ల పైచిలుకు. 1420 నాటి పని వివరాల పత్రంలో 30 బ్రాచ్చాల ఎత్తు దాకా ఎలా కట్టాలో రాసి, ఆపైన ఏం చెయ్యాలో కట్టుబడిలోని అనుభవమే నేర్పుతుందని వదిలేశారు. నాన్నగారికి నమస్కారాలు చెప్పండి. ఆ టెర్రస్ మిద్దె ఫోటో ఉంటే ఇక్కడ పెట్టగలరా? మా తరగతిలో చూపించాలని ఉంది.

మేస్త్రిగారబ్బాయి

ఏడాదికి రెండు మీటర్లని చెప్పాను. సున్నం ఆరనిచ్చారు, సరిగ్గానే కట్టారు, అన్నారు. మిద్దె ఒకటి మా పక్క వీధిలో ఇంకా ఉంది. రేపు ఆ ఇంటివాళ్ళను అడిగి, కింద నుంచి పైకి చూస్తూ ఫోటో తీసి పెడతాను.